లద్దాఖ్ మడిలో మట్టి ఎక్కడిది?

లద్దాఖ్‌లో కూరగాయల సాగు సంగతి ఎత్తితే ముందుగా వినిపించే మాట చలి. లేహ్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు పడిపోతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఉండే నాలుగైదు నెలల్లోనే విత్తడం, కోయడం, నూర్చడం అన్నీ ముగించుకోవాలి. కాబట్టి అక్కడి తోటపనికి అడ్డు చలేనని తేల్చేయడం తేలిక. అరవై ఏళ్లుగా ఆ ప్రాంతానికి వచ్చిన పథకాల్లో ఎక్కువ భాగం ఈ తీర్పు మీదే నడిచాయి: పాలిథిన్ కప్పులు, సూర్యరశ్మితో వేడెక్కే హరితగృహాలు, చలిని తట్టుకునే వంగడాలు. ఇవన్నీ పనికొచ్చినవే, వాటి విలువ తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేదు. కానీ చలి అక్కడి రెండో సమస్య. మొదటి సమస్య నేల. లద్దాఖ్‌లో సాగునేల ప్రకృతి ఇచ్చింది కాదు, మనుషులు తరతరాలుగా పోగేసి తయారుచేసుకున్నది. ఆ తయారీ ఇప్పుడు చాలా ఊళ్లలో కుంటుపడింది. దాన్ని నిలబెట్టకుండా చలి మీద పెట్టే ప్రతి రూపాయీ సగం ఫలితమే ఇస్తుందని నా వాదన.

ఎత్తువల్లే నేల పేదదైందని అనేవారికి ముందు జవాబు చెప్పాలి. ఎత్తే కారణమైతే ఒకే ఎత్తున ఉన్న కొండ నేలలన్నీ ఒకేలా ఉండాలి. అలా లేవు. తూర్పు హిమాలయాల్లో, సిక్కిం వంటి చోట్ల, వానలు బాగా పడే ఎత్తైన పచ్చికబయళ్లలో మట్టి నల్లగా ఉంటుంది, సగం చివికిన వేళ్లతో ఆకులతో నిండి ఉంటుంది, పులుపు గుణం చూపుతుంది. చలిలో గడ్డి పెరగడం నెమ్మదే అయినా చివకడం ఇంకా నెమ్మది, అందుకని జీవపదార్థం ఏటికేడు పేరుకుంటుంది. లద్దాఖ్ పరిస్థితి దీనికి తలకిందులు. రుతుపవనాలను హిమాలయ శ్రేణి అవతలే ఆపేస్తుంది. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన, మంచు కలిపితే 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మనం కరువు జిల్లా అనే అనంతపురంలో ఏటా 550 మిల్లీమీటర్ల దాకా పడుతుందని గుర్తుంచుకుంటే ఆ ఎండుతనం ఎంతటిదో అర్థమవుతుంది. నీళ్లు లేక మొక్క లేదు, మొక్క లేక రాలే ఆకు లేదు, చివకడానికి నేలలో ఏమీ లేదు. దీనికి రుజువు లద్దాఖ్‌లోనే ఉంది. చాంగ్‌థాంగ్ పీఠభూమి 4,000 మీటర్లకు పైన ఉంటుంది, లేహ్ కంటే చల్లన. అయినా అక్కడి వాగుల పక్కన, ఊటలున్న చోట, గడ్డివేళ్లు అల్లుకుపోయిన నల్లటి చిత్తడి మట్టి ఉంటుంది. నాలుగడుగులు అవతలికి వేస్తే మళ్లీ వట్టి గులకరాళ్లే. ఎత్తు ఒకటే, చలి ఒకటే. తేడా అంతా తడిలోనూ, ఆ తడి పుట్టించిన జీవపదార్థంలోనూ ఉంది.

ఇక ఆ వట్టి నేల ఎలాంటిదో కొంచెం దగ్గరగా చూడాలి. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే నీరు రాతిని పగలగొడుతుంది, హిమానీనదాలు దాన్ని పిండి చేస్తాయి, వాగులు ఆ ముక్కలను లోయల్లోకి తెచ్చి విసనకర్రలా పరుస్తాయి. అలా వచ్చిన దానిలో గులక, ఇసుక, సన్నటి ఒండ్రు ఉంటాయి, బంకమట్టి మాత్రం చాలా తక్కువ. బంకమట్టి పుట్టాలంటే రాయి వేడికీ తేమకీ రసాయనికంగా మారాలి, అందుకు కావలసిన వేడీ తేమా అక్కడ కలిసి రావు. నేలను కడిగే వాన లేదు గనక సున్నం, లవణాలు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. పీహెచ్ చాలాచోట్ల 8కి అటూ ఇటూ ఉంటుంది. ఇలాంటి క్షార నేలలో ఇనుము, జింకు, భాస్వరం ఉన్నా మొక్క వేరుకు అందవు. సున్నం పాలు ఎక్కువున్న చోట ఆప్రికాట్ చెట్టు కొత్త చిగుళ్లను చూస్తే ఇది తెలిసిపోతుంది: ఆకు పసుపుపచ్చగా పాలిపోతుంది, ఈనెలు మాత్రం పచ్చగా వల అల్లినట్టు మిగులుతాయి, అదే కొమ్మ మీద కింది ముదురాకులు మామూలుగానే ఉంటాయి. అది ఇనుము అందని గుర్తు. ఇక నీటి సంగతి. పెట్టిన తడి ఇసుకలోంచి కిందికి జారిపోతుంది, మిగిలింది ఎండకూ గాలికీ ఆరిపోతుంది, నాలుగైదు రోజులు తిరిగేసరికి మళ్లీ తడి పెట్టాలి. ఇనుము అందించేదీ, తడిని పట్టి ఉంచేదీ, పోషకాలు జారిపోకుండా చూసేదీ బంకమట్టి గానీ జీవపదార్థం గానీ కావాలి. మొదటిది లేదు. రెండోదాన్ని తెచ్చి వేయాల్సిందే.

లద్దాఖీ రైతు శతాబ్దాలుగా చేసింది అదే. ఆ ప్రాంతం మొత్తం విస్తీర్ణంలో సాగయ్యేది వందలో ఒక వంతు కూడా కాదు, ఉన్న ఆ కాస్త పచ్చదనమూ వాగునీటి కాలువల చివరే ఉంది. కొండవాలును మెట్లుమెట్లుగా చదును చేసి రాతికట్టలు కట్టారు. మంచు కరిగిన నీటిని ‘యురా’ అనే కాలువల్లో మైళ్ల దూరం తెచ్చారు, వంతులవారీగా పంచడానికి ‘చుర్పోన్’ అనే నీటి పెద్దను పెట్టుకున్నారు. ఆ నీరు ఒట్టిగా రాదు, హిమానీనదం నూరిన సన్నటి ఒండ్రును మోసుకొస్తుంది, ప్రతి తడికీ పలచని పొరగా మడిలో దింపుతుంది. దాని మీద పశువుల పెంట, గొర్రెల మేకల ఎరువు, పొయ్యి బూడిద పడతాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంటి మరుగుదొడ్డి ఎరువు. అక్కడి పాత ఇళ్లలో ‘ఛగ్రా’ అనే పొడి మరుగుదొడ్డి రెండంతస్తులుగా ఉంటుంది. పై గదిలో నేల మీద మట్టి కుప్ప, ఒక పార, మధ్యలో రంధ్రం. వాడినవాళ్లు పారతో మట్టీ బూడిదా కిందికి నెడతారు. చుక్క నీరు అక్కర్లేదు. కింది గదిలో పోగైనదాన్ని ఏడాదికోసారి తవ్వి, గాడిదల మీద వేసుకుని పొలానికి తోలతారు. అంటే మనిషి తిన్న గింజ సత్తువ మళ్లీ అదే మడికి చేరుతుంది. ఈ పద్ధతి తెలుగు రైతుకు పరాయిది కాదు. గొర్రెల మందను రాత్రిళ్లు చేలో పెట్టించుకుని కాపరికి కూలీ ఇచ్చే అలవాటు రాయలసీమలో, తెలంగాణలో ఇప్పటికీ ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక మట్టిని చేలకు తోలించడం కూడా ఈ తెలివిడే. తేడా ఏమిటంటే ఎర్రచెలకకు ఇది బలం, లద్దాఖ్ మడికి ఇదే పునాది.

మనుషులు నేలను తయారుచేస్తారా, ఇది అతిశయోక్తి కాదా అని అడగవచ్చు. దీనికి మరో ఖండంలో గట్టి ఆధారం దొరుకుతుంది. పెరూలోని కోల్కా లోయ కూడా ఎత్తైన, ఎండిన కొండప్రాంతమే. అక్కడ 1,500 ఏళ్లకు పైగా సాగులో ఉన్న మెట్ల పొలాలను మృత్తికా శాస్త్రవేత్త జొనాథన్ శాండర్, ఆయన సహచరులు పక్కనున్న సాగు కాని నేలలతో పోల్చి చూశారు. సాగైన చోట పైమట్టి మందంగా ఉంది, జీవపదార్థం, నత్రజని, భాస్వరం ఎక్కువగా ఉన్నాయి. అన్ని శతాబ్దాలు పంట తీసినా నేల చిక్కిపోలేదు, బలిసింది. అయితే అదే శాండర్ న్యూ మెక్సికోలో వెయ్యేళ్ల నాటి మింబ్రెస్ ప్రజల మెట్ల పొలాలను పరిశీలించినప్పుడు ఫలితం దీనికి వ్యతిరేకంగా వచ్చింది. వాటిని వదిలేసి దాదాపు 900 ఏళ్లయినా ఆ నేలలు కోలుకోలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. మెట్లు కట్టినంత మాత్రాన, దున్నినంత మాత్రాన నేల పుట్టదు. ఆండీస్‌లో లామాలు, అల్పాకాలు ఉన్నాయి, వాటి పెంట పొలానికి వచ్చింది. మింబ్రెస్ రైతులకు పెంట వేసే పెంపుడు పశువులే లేవు. వాతావరణం, వాలు, నీటి తీరు వంటి తేడాలు కూడా ఆ రెండు చోట్ల మధ్య ఉన్నాయి, వాటిని కొట్టిపారేయలేం. కానీ తిరిగి ఇచ్చిన చోట నేల నిలబడిందనీ, తీసుకోవడమే తప్ప ఇవ్వలేని చోట కూలిందనీ అనుకోవడానికి ఇది సరిపోయే సాక్ష్యం.

ఇలా చేసిన నేల పోతే తిరిగి రావడం ఎంత కష్టమో 2010 ఆగస్టులో తెలిసింది. ఆగస్టు 5 అర్ధరాత్రి లేహ్ మీద కుంభవృష్టి కురిసింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. కొండల మీంచి దిగిన బురద, బండరాళ్లు చాలా ఊళ్లలో పొలాలను కప్పేశాయి. ఇల్లు కూలితే ఏడాదిలో కట్టుకోవచ్చు. తాతల నాటి నుంచి ఎరువు పోసిన మడి మీద గులక పరుచుకుంటే దాన్ని యంత్రంతో ఎత్తినా కింద మిగిలేది కలగలిసిన పచ్చి ఇసుకే, ఆ మడికి మళ్లీ మొదటి నుంచీ ఎరువు పోయాలి.

కుంభవృష్టి కంటే మెల్లగా, చప్పుడు లేకుండా జరుగుతున్న నష్టం ఇంకోటుంది. లేహ్ చుట్టుపక్కల ఊళ్లలో పశువులను ఉంచుకునే ఇళ్లు తగ్గాయి. పిల్లలు బడికి, యువకులు ఉద్యోగాలకు, పర్యాటకం పనులకు వెళ్లారు. కొండ మీద మంద కాయడానికి మనిషి లేడు. రేషన్ బియ్యం, గోధుమపిండి వచ్చాక నస్ (బార్లీ) పండించి తీరాలన్న ఒత్తిడి లేదు. ఇందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. మంచి బతుకు కోరుకునే హక్కు వాళ్లకీ ఉంది. వంటగ్యాసు రావడంతో పొయ్యిలో కాలిపోయే పిడకలు మిగిలి పొలానికి చేరాల్సింది, కానీ పిడకలు మిగిలేసరికి పశువులు తగ్గాయి. 1974లో లద్దాఖ్ తలుపులు పర్యాటకులకు తెరిచారు. 2022లో వచ్చినవారి సంఖ్య 5 లక్షలు దాటింది. హోటళ్లలో నీళ్లతో నడిచే మరుగుదొడ్లు, వాటి కింద సెప్టిక్ ట్యాంకులు వెలిశాయి. వాన లేని ఎడారిలో భూగర్భజలం తోడి, దానితో ఎరువును కడిగి, మళ్లీ అదే భూగర్భంలోకి ఇంకనిస్తున్నారు. మడి ఎరువు పోగొట్టుకుంటోంది, తాగునీటి ఊట మురికి పాలవుతోంది. ఒకే పనితో రెండు నష్టాలు.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. అన్నిటికంటే బలమైనది హరితగృహాల విజయం. రక్షణ పరిశోధన సంస్థ 1962లో లేహ్‌లో ఒక క్షేత్ర ప్రయోగశాల పెట్టింది, ఇప్పుడు దాన్ని డీహార్ అంటారు. సరిహద్దులో ఉన్న సైనికులకు తాజా కూర అందించాలన్నది దాని లక్ష్యం. బంగాళదుంప, క్యాబేజీ, టమాటా, ముల్లంగి వంటివి అంత ఎత్తున రైతుల పొలాల్లో పండి సైన్యానికి అమ్ముడవుతున్నాయంటే అందులో ఆ శాస్త్రవేత్తల శ్రమ ఎంతో ఉంది. తర్వాత స్వచ్ఛంద సంస్థలు వ్యాప్తి చేసిన హరితగృహం ఇంకా ముందుకెళ్లింది. ఉత్తరం, తూర్పు, పడమర వైపుల మందపాటి మట్టి ఇటుక గోడలు, దక్షిణం వైపు ఎండకు పాడవని పాలిథిన్. పగలంతా గోడలు వేడి తాగి రాత్రంతా వదులుతాయి. పొయ్యి, కరెంటు లేకుండా జనవరిలో పాలకూర, కొత్తిమీర కోసుకోవచ్చు. పోషకాహారం విషయంలో ఇది నిజంగా పెద్ద మేలు. అయితే చలి ఓడిపోయాక హరితగృహంలో ఏం జరుగుతుందో చూడండి. బయట మడి ఏడాదికి ఒక పంట ఇస్తుంది, లోపలి మడి మూడు నాలుగు ఇస్తుంది. ఆ లెక్కన నేలలోంచి తీసుకునేదీ ఎక్కువే. లోపల వేడికి, తడికి జీవపదార్థం కూడా వేగంగా చివికి కరిగిపోతుంది. పైగా వాన తగలని చోటు గనక, నీటితో వచ్చిన లవణాలు కిందికి దిగవు, నీరు ఆవిరైన కొద్దీ పైకి వస్తాయి. కొన్నేళ్ల తర్వాత మడి అంచుల వెంట, గట్ల మీద తెల్లటి పొర కడుతుంది, మొలకలు ఆ చోట చచ్చుబడతాయి. చౌడు చూసిన రైతుకు దీన్ని పరిచయం చేయక్కర్లేదు. కాబట్టి హరితగృహం ఎరువు అవసరాన్ని తగ్గించదు, పెంచుతుంది. చలి సమస్య తీరిన చోటే నేల సమస్య బయటపడుతోంది.

సరే, ఎరువు కావాలంటే యూరియా, డీఏపీ బస్తాలున్నాయి కదా అనేది రెండో అభ్యంతరం. పశువులు లేని ఇంటికి బస్తా సుఖమే, మొదటి రెండు మూడేళ్లు పంట కూడా పెరుగుతుంది. కానీ ఈ నేల స్వభావం బస్తాకు అనుకూలం కాదు. క్షార నేల పైన చల్లిన యూరియాలో చాలా భాగం అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. మిగిలింది నైట్రేటుగా మారి, నాలుగు రోజులకోసారి పెట్టే తడితో పాటు ఇసుకలోంచి కిందికి పోతుంది. డీఏపీలోని భాస్వరాన్ని సున్నం పట్టేసుకుంటుంది. ఇనుము, జింకు సంగతి బస్తాలో లేనే లేదు. జీవపదార్థం ఉన్న నేలలో రసాయనిక ఎరువు ఉపయోగపడుతుంది, లేనిచోట జల్లెడలో పోసిన నీళ్లవుతుంది. అంతమాత్రాన బస్తాను నిషేధిస్తే పనైపోతుందని కూడా నేను అనను. కేంద్రపాలిత ప్రాంతమయ్యాక లద్దాఖ్ సేంద్రియ సాగు లక్ష్యంగా పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. కానీ బస్తా ఆపడం ఒక ఉత్తర్వుతో అవుతుంది, బస్తా స్థానంలో పెట్టాల్సిన టన్నుల కొద్దీ ఎరువు ఉత్తర్వుతో రాదు. 2021లో శ్రీలంక రసాయనిక ఎరువులను ఒక్కసారిగా నిషేధించి, వరి దిగుబడి పడిపోయి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది. అక్కడి తేమ నేలలే తట్టుకోలేకపోయిన దెబ్బను లద్దాఖ్ ఇసుక అసలే తట్టుకోలేదు.

నీళ్లే అసలు సమస్య అనేవారి మాటలో నిజం చాలా ఉంది. విత్తడానికి ఏప్రిల్, మే నెలల్లో నీరు కావాలి, హిమానీనదాలు గట్టిగా కరిగేది జూన్ తర్వాత. ఈ రెండు నెలల ఎడం పూడ్చడానికే ఇంజనీరు చెవాంగ్ నోర్ఫెల్ 1980ల చివర్లో ఊరికి దగ్గరగా కృత్రిమ హిమానీనదాలు కట్టడం మొదలుపెట్టారు. సోనమ్ వాంగ్‌చుక్ 2013-14 చలికాలంలో నీటిని గోపురంలా గడ్డకట్టించి నిలవచేసే మంచు స్తూపం ప్రయోగం చేశారు. ఇద్దరిదీ గొప్ప కృషి. అయితే అంత కష్టపడి చలికాలమంతా కూడబెట్టిన నీటిని చివరికి పోసేది ఆ ఇసుకలోనే. నేలలో జీవపదార్థం పెరిగితే తడి తడికీ మధ్య వ్యవధి పెరుగుతుంది, అదే మంచు ఎక్కువ మళ్లకు సరిపోతుంది. స్తూపం కట్టిన ఊళ్లో ఎరువు కుప్ప కూడా ఉండాలి. ఈ రెండూ వేర్వేరు శాఖల పనులుగా నడవడం నాకు బాధ కలిగించే విషయం.

మరుగుదొడ్డి ఎరువు మాటెత్తగానే ముఖం తిప్పుకునేవారికి రెండు సమాధానాలు ఇవ్వాలి. ఆరోగ్య భయం నిజమైనదే. ఏలికపాముల గుడ్లు చలిలో చాలాకాలం బతుకుతాయి, మైనస్ 20 డిగ్రీలు వాటిని చంపుతుందనుకోవడం పొరపాటు. ఆకుకూరల మడికి పచ్చి ఎరువు వేయకూడదు. రెండు గదులు కట్టి ఒకటి నిండాక మూసి ఏడాదికి పైగా వదిలేయడం, ముందు బార్లీకి, పశుగ్రాసానికి, చెట్లకు వాడడం అవసరమైన జాగ్రత్తలు. ఎరువు మాగడం కూడా అక్కడ దానంతటదే జరగదు. చిన్న కుప్ప రాత్రి చలికి వేడి పోగొట్టుకుంటుంది, ఎండకు తడి పోగొట్టుకుంటుంది, నెలల తరబడి ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కుప్ప పెద్దదిగా ఉండాలి, గుంటలో గానీ పాలిథిన్ కింద గానీ పెట్టాలి, నీళ్లు చల్లాలి, తిరగేయాలి. రెండో సమాధానం మర్యాదకు సంబంధించినది. ఈ పని ఏ ఒక్క కులం, ఏ ఒక్క ఇంటి ఆడవాళ్ల మీదో పడితే దాన్ని నేను సమర్థించను. లద్దాఖ్ గ్రామాల్లో ఇది రైతు తన ఇంటిది తాను తన పొలానికి తోలుకునే పని, కొత్త ఏర్పాటులోనూ బండీ, యంత్రమూ చేయాల్సిన పనిగానే ఉండాలి. లేహ్‌లో 2017లో సెప్టిక్ ట్యాంకుల మడ్డిని శుద్ధి చేసే కేంద్రం పెట్టారు. ఎండి సురక్షితమైన మడ్డి ఎరువుగా పనికొస్తుంది. దారి ఉందని అది చూపించింది, పట్టణం పెరిగే వేగానికి సరిపోయే స్థాయికి దాన్ని పెంచాలి.

చివరి అభ్యంతరం డబ్బు లెక్క. 2020లో అటల్ సొరంగం తెరిచారు, జోజిలా సొరంగం తవ్వుతున్నారు, కూరగాయల లారీ ఏడాది పొడవునా వస్తే ఇంత తిప్పలు దేనికని అడుగుతారు. లారీ రావాలి, చలికాలంలో పిల్లలకు టమాటా దొరకాలి. లారీ వచ్చినా ఇంటి వెనక మడికి విలువ పోదు, ఎందుకంటే ఆకుకూర దూరం నుంచి వచ్చేసరికి వాడిపోతుంది, కొండచరియ విరిగితే దారి వారం ఆగుతుంది. కానీ లారీకి నేలతో ఉన్న సంబంధాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. మైదానాల నుంచి వచ్చే ప్రతి బియ్యం బస్తా, ప్రతి ఉల్లి గోతం, పశువుల దాణా లద్దాఖ్‌కు కొత్తగా చేరే నత్రజని, భాస్వరం, జీవపదార్థం. పూర్వం ఆ ఊళ్లకు ఇంత సత్తువ బయటి నుంచి ఎన్నడూ రాలేదు, తమ పెంటనే తాము తిప్పుకుని బతికారు. ఇప్పుడు లక్షల మంది తిని వెళ్తున్నారు, అది వంటింటి చెత్తగా, సెప్టిక్ మడ్డిగా లేహ్‌లో పోగవుతోంది. దాన్ని ఫ్యాంగ్, సాబు, చోగ్లామ్‌సర్ వంటి దగ్గరి ఊళ్ల పొలాలకు చేర్చగలిగితే తాతల కాలం కంటే వేగంగా నేలను పెంచవచ్చు. అందుకు కావలసింది చెత్తను హోటల్ దగ్గరే వేరుచేయించడం, శుద్ధి కేంద్రాన్ని విస్తరించడం, పాలిథిన్‌కు రాయితీ ఇచ్చినట్టే ఎరువు తోలకానికీ ఇవ్వడం, ఆ ఎరువు పడిన మళ్లలో రెండేళ్లకోసారి సేంద్రియ కర్బనం, లవణాలు కొలిచి ఊరివాళ్లకు చెప్పడం.